బూరె వయసు నాలుగు నెలలే

పెసలంక పురపాలక సంఘం రికార్డుల్లో ఒక కుక్కపిల్ల ఉంది. దాని వయసు నాలుగు నెలలు. పోయిన వినాయక చవితికి నాలుగు నెలలు, ఈ వినాయక చవితికీ నాలుగు నెలలే. నమ్మకం కుదరనివాళ్లు ఆఫీసుకెళ్లి మూడో బీరువాలో ఫైలు చూసుకోవచ్చు. కుక్కని చూద్దామని మాత్రం వెళ్లకండి. ముందరి కాళ్లెత్తి నిలబడితే అది మీ భుజాల దాకా వస్తుంది.

ఆ కుక్క యజమానురాలు భ్రమరాంబ. మార్కెట్ వెనక సందులో జాకెట్లు కుడుతుంది. యాభై దాటినా కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది, ఆ సంగతి జాకెట్టు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెబుతుంది. ఒక వానాకాలం మధ్యాహ్నం గుప్పెడంత కుక్కపిల్ల ఒకటి తడుచుకుంటూ షాపులోకొచ్చి, కుట్టుమిషను తొక్కుడు బల్ల మీద ముడుచుకుని పడుకుంది. దాన్ని లేపడం ఇష్టంలేక భ్రమరాంబ రెండు గంటలు మిషను తొక్కలేదు. ఆమె సర్వీసులో అలా జరగడం అదే మొదలు. గుండ్రంగా, ఎర్రగా వేగినట్టుందని దానికి బూరె అని పేరు పెట్టింది. ఆ రోజు నుంచి ఆ షాపులో మనుషులకంటే బూరెకే మర్యాద ఎక్కువ.

సరిగ్గా ఆ రోజుల్లోనే పెసలంకకి చక్రధర్ గారు కమిషనరుగా వచ్చారు. ఆయన ఎక్కడో మూడు రోజుల శిక్షణకి వెళ్లి, జంతువుల్లో సత్ప్రవర్తన అనే విషయం మీద ఒక సంచీ, ఒక డైరీ, అంతులేని ఉత్సాహం పట్టుకొచ్చారు. వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. ఊళ్లో ప్రతి పెంపుడు కుక్కకీ నడవడి పత్రం ఉండాలి. ఒకసారి నమోదైన నడవడి ఆ కుక్క జీవితకాలం చెల్లుతుంది. ఒక డోరు నంబరుకి ఒకే కుక్క. పత్రం లేని కుక్కని ఊరిబయట చెత్తదిబ్బ వెనకున్న రేకుల షెడ్డుకి తరలిస్తారు. ఆ షెడ్డు పేరు శునక సంక్షేమ ప్రాంగణం. అక్కడికి వెళ్లిన కుక్క ఏదీ ఇంటికి తిరిగి రాలేదు. క్రూరత్వమేమీ లేదు, తిరిగి అప్పగించే ఫారం ఇంకా అచ్చు వేయించలేదంతే.

పత్రాలిచ్చే పని సూపరింటెండెంటు పరాంకుశం గారి మీద పడింది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు, ఒక్క మెమో ఎరగని మనిషి. వృథా అంటే ఆయనకి ఒళ్లుమంట. మూతపడ్డ మున్సిపల్ హైస్కూలు తాలూకు టీసీ పుస్తకాలు స్టోరులో గుట్టలుగా పడుంటే, వాటిమీద 'విద్యార్థి' అన్నచోట గీత కొట్టి 'కుక్క' అని రాయించారు. మిగతా గళ్లన్నీ అలాగే ఉంచారు.

నాలుగు నెలల బూరెని ఒళ్లో పెట్టుకుని భ్రమరాంబ ఆయన బల్ల ముందు కూర్చుంది.

"పేరు?"

"బూరె అండి."

"తండ్రి పేరు?"

"ఏమో నాకేం తెలుస్తుందండీ!"

"తెలియదు. మాతృభాష?"

భ్రమరాంబ తెల్లబోయింది. "రా అంటే వస్తుందండి, కూర్చో అంటే కూర్చుంటుంది."

"తెలుగు," అని రాసుకున్నారు పరాంకుశం గారు. తర్వాత పుట్టుమచ్చల గడి వచ్చింది. అద్దాలు సరిచేసుకుని బూరెని అటూ ఇటూ తిప్పి, నాలుక చివర నల్లమచ్చ, కుడి వెనక తొడ మీద తెల్లమచ్చ అని ఎక్కించారు. ఆపైన పరీక్ష పెట్టారు. పిలిస్తే బూరె వచ్చింది. కూర్చోమంటే కూర్చుంది. మొరగలేదు, కొరకలేదు, ఎవరి మీదా పడలేదు. ఐదుకి ఐదు. 'నడవడి: అత్యుత్తమం' అని రాసి, తన సంతకం మీద రౌండు సీలు వేశారు. 214 అని అంకె కొట్టిన ఇత్తడి బిళ్ల ఇచ్చారు.

"నేను నడవడి రాశానంటే ఇక మారదమ్మా," అన్నారు. "మా అమ్మాయినే చూడండి. ఎనిమిదో తరగతి. నేను గీసిన గీత దాటదు. పిలిస్తే పలుకుతుంది, చెబితే చదువుతుంది."

"అదృష్టవంతులండీ," అంది భ్రమరాంబ.

మూడు నెలలు బాగానే గడిచాయి. ఏడో నెల రాగానే బూరెకి ఏమైందో ఏమో, బూరె బూరెలా లేదు. కాళ్లు సాగాయి, మూతి సాగింది, వాలి ఉండే చెవుల్లో ఒకటి లేచి నిలబడింది. రెండోది ఎటూ తేల్చుకోలేక సగంలో ఆగింది. భ్రమరాంబ 'బూరే' అని పిలిస్తే, పక్క ఊళ్లో ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు ఓసారి చూసి మళ్లీ నేల వాసన చూసుకునేది. కూర్చోమంటే నిలబడేది. కొలతల టేపు ముప్ఫై నాలుగు అంగుళాల దగ్గర కొరికేసింది. ఆ వారం కుట్టిన పెద్ద జాకెట్లన్నీ అందాజాగా కుట్టినవే. షాపు ముందు జాకెట్టు తొడిగిన బొమ్మ ఉంటుంది, నడుము నుంచి పైకే ఉంటుంది, తల ఉండదు. మూడు నెలలు దాని నీడలోనే నిద్రపోయిన బూరె ఒక పొద్దున దాన్ని కొత్తగా చూసి, గుండెలు బాదుకున్నంత పని చేసి, మిషను కింద దూరి గంటసేపు మొరిగింది.

"ఒసే, నీకేం పుట్టిందే! నిన్నటిదాకా దానికి ఆనుకునేగా పడుకున్నావు!" అంటూ భ్రమరాంబ తల పట్టుకుంది. కోపమొచ్చింది, అరిచింది, ఒకరోజు ఏడ్చేసింది కూడా. తను ఏదో తప్పు చేసిందని ఆమె భయం. ఆఖరికి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టర్ షహనాజ్ బూరె చెవులూ పళ్లూ చూసి నవ్వింది. "రోగమేం లేదమ్మా. ఈడొచ్చింది."

"పిలిస్తే పలకట్లేదండీ. చెవుడేమో అనుకున్నాను."

"బిస్కెట్ పొట్లం చప్పుడు వినపడుతోందా?"

"అది పక్క వీధిలోంచి కూడా వినపడుతుందండి."

"మరింకేం. మనింట్లో పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలెలా ఉంటారో ఇదీ అంతే. ఒళ్లు పెరిగింది, బుర్ర ఇంకా సర్దుకోలేదు. తెలిసిన వస్తువు చూసి కూడా భయపడుతుంది, తెలిసిన మాట కూడా మర్చిపోయినట్టుంటుంది. ఏడాదిన్నర వచ్చేసరికి కుదురుకుంటుంది. అప్పటిదాకా మీరు మారకండి. ఒక్కసారి పిలవండి, పదిసార్లు అరవకండి. ఎంత ఆలస్యంగా వచ్చినా, వచ్చినప్పుడు తిట్టకండి. తిట్టారంటే మీ దగ్గరికి రావడమంటే తిట్లు తినడానికే అనుకుంటుంది. కొరుక్కోవడానికి దానిదంటూ ఏదైనా ఇవ్వండి. రోజూ నడిపించండి, బాగా నిద్రపోనివ్వండి. ఆ బొమ్మ దగ్గరికి లాక్కెళ్లకండి. దూరం నుంచి చూసుకుని అదే వెళ్తుంది."

భ్రమరాంబ గుండె మీద బరువు దిగింది. పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి ముడులు వేసి బూరెకిచ్చింది, టేపు మేకుకి ఎత్తుగా తగిలించింది, పొద్దున్నే చెరువుగట్టు మీద నడిపించడం మొదలుపెట్టింది. అంతా దారిన పడుతోందనుకుంటుండగా, నడవడి సరిపోలిక తనిఖీ అని పరాంకుశం గారు వచ్చారు.

గుమ్మంలో నిలబడి పత్రం తీసి, "బూరే, రా," అన్నారు.

బూరె ఆయన్ని, ఆయన గొడుగుని చూసి వెనక్కెళ్లింది.

"కూర్చో."

బూరె ముందుకొచ్చి గొడుగు మీద మొరిగింది. ఆయన గొడుగు కింద పెట్టి పత్రంలో రాసుకోవడానికి వంగితే, పత్రం మూల అందుకుని నమిలింది. ఆయన లాగారు, అది లాగింది. బూరెకి అంత సరదా వారం రోజులుగా దొరకలేదు. చివరికి మీదికెగిరి చొక్కా జేబు మీద రెండు పాదాలూ అచ్చు వేసింది.

పరాంకుశం గారు చొక్కా దులుపుకుని, మిగిలిన పత్రంలో ఐదు గళ్లకీ అడ్డంగా గీతలు కొట్టారు. "సరిపోలలేదు. ఇది 214 కాదు."

"బాగుందండీ! బిళ్ల చూడండి, మెళ్లోనే ఉంది!"

"బిళ్ల ఎవరి మెళ్లోనైనా వెయ్యొచ్చు. 214 నడవడి అత్యుత్తమం, ఆ సంతకం నాది. దీని నడవడి నేను కళ్లారా చూశాను, జేబు మీద కూడా ఉంది. కాబట్టి ఇది వేరే కుక్క. అసలు సంగతి చెప్పండమ్మా, 214ని ఏం చేశారు?"

మర్నాడే నోటీసు వచ్చింది. 'పైన ఉదహరించిన డోరు నంబరునందు నివసించుచున్న శ్రీమతి భ్రమరాంబకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, 214 నంబరు గల సత్ప్రవర్తన కలిగిన కుక్కను కనపడకుండా చేసి, దాని స్థానమున దుష్ప్రవర్తన కలిగిన గుర్తు తెలియని కుక్కను ఉంచినట్లు తనిఖీలో వెల్లడైనది. ఏడు దినములలోగా 214ను హాజరుపరచవలెను. లేనిచో గుర్తు తెలియని కుక్క ప్రాంగణమునకు తరలించబడును.'

భ్రమరాంబ నోటీసు పట్టుకుని ఆఫీసుకి పరిగెత్తింది. "పోనీ ఇది కొత్త కుక్కే అనుకోండి. దీనికి కొత్త పత్రం ఇచ్చెయ్యండి, నేనేం అనను."

"కుదరదమ్మా. ఒక డోరు నంబరుకి ఒకే కుక్క. రికార్డు ప్రకారం మీ ఇంట్లో 214 ఉంది."

"లేదని మీరేగా అంటున్నారు!"

"ఇంట్లో లేదు. రికార్డులో ఉంది. అది పోయినట్టు మరణ ధ్రువపత్రం తెస్తే ఈ కొత్తదాని సంగతి చూస్తాం."

"బతికున్నదానికి మరణ పత్రం ఎవరిస్తారండీ?"

"అదే మేమూ అంటున్నాం," అన్నారు పరాంకుశం గారు ఓపిగ్గా. "బతికుంటే వెతకాలి."

వెతికించడం పురపాలక సంఘం బాధ్యత కనుక ఇద్దరు సిబ్బందితో గాలింపు బృందం ఏర్పాటైంది, గంగరాజు, ఏసుబాబు. చేతికి ఫైల్లో ఉన్న, బూరె నాలుగు నెలల వయసప్పటి ఫొటో ఇచ్చారు. వాళ్లు మొట్టమొదట భ్రమరాంబ షాపుకే వచ్చారు.

"ఇది మీ బూరే కదండీ?" అన్నాడు గంగరాజు, బూరె వీపు నిమురుతూ.

"అదే బాబూ నేనూ మొత్తుకునేది!"

"మాకు తెలుసండి. మా డ్యూటీ వేరండి. ఫొటోలో ఉన్నదాన్ని వెతకమన్నారు," అన్నాడు ఏసుబాబు. ఇద్దరూ సందులో పడి "బూరే, బూరే" అని కేకలేస్తూ బయల్దేరారు. భ్రమరాంబ పిలిస్తే తల తిప్పని బూరె, గొలుసు లాక్కుని తోకాడిస్తూ వాళ్ల వెంటపడింది. మార్కెట్టు, చెరువుగట్టు, సినిమా హాలు, ఎక్కడికెళితే అక్కడికి ముందు నడిచింది. పొదల్లో దూరింది, అరుగుల కింద చూసింది, ఒకచోట పిల్లిని కూడా బయటికి తీసింది. ఎదురైనవాళ్లంతా ఫొటో చూసి, పక్కనున్న కుక్కని చూసి, "ఇదేగా!" అన్నారు. సాయంత్రానికి బృందం నివేదిక సమర్పించింది. 214 జాడ తెలియరాలేదు. గాలింపులో గుర్తు తెలియని ఎర్ర కుక్క ఒకటి ఆద్యంతం చక్కగా సహకరించినది.

ఆరు రోజులు అలా అయిపోయాయి. ఏడో రోజు కమిషనరు గారి ముందు విచారణ. నడవడి ఐదుకి ఐదు సరిపోతే కుక్క ఇంటికి, లేకపోతే అట్నుంచి అటే షెడ్డుకి. షెడ్డు బండి కూడా వచ్చి గేటు దగ్గర నిలబడింది. భ్రమరాంబ వరండా బల్ల మీద కూర్చుంది. కాళ్ల దగ్గర బూరె జీన్స్ ముక్క కొరుక్కుంటోంది. చేతి సంచీలో ఉడికించిన కోడిగుడ్డు ముక్కలున్నాయి. వారం రోజులూ పూటకి పది నిమిషాల చొప్పున నేర్పింది. పదిసార్లు చెబితే నాలుగుసార్లు వింటోంది. నాలుగు చాలవు. 'నాకు జాకెట్లు వద్దు, షాపొద్దు, ఇది నా దగ్గరుంటే చాలు' అనుకుంటుంటే కళ్లు మసకలేశాయి. ఏదో ఒకటి చూడాలని చేతిలో పత్రం నకలు విప్పింది. తండ్రి పేరు, మాతృభాష, ఆ కింద గడి. భ్రమరాంబ కళ్లు తుడుచుకుని ఆ గడి ఇంకోసారి చదివింది.

లోపల చక్రధర్ గారు ఎత్తు కుర్చీలో కూర్చున్నారు. పక్కన పరాంకుశం గారు, సాక్షిగా డాక్టర్ షహనాజ్.

"ప్రక్రియ ప్రారంభించండి," అన్నారు కమిషనరు.

"బూరే, రా," అన్నారు పరాంకుశం గారు. బూరె రాలేదు. గిరగిరా తిరుగుతున్న టేబుల్ ఫ్యాన్‌ని చూసి భ్రమరాంబ చీర కుచ్చిళ్లలో తల దూర్చింది.

"రాలేదు. ఇంక తక్కినవి అనవసరం సార్."

"ఆగండి!" భ్రమరాంబ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "పుట్టుమచ్చలు చూడరా? పదో తరగతి పాసైన పిల్లాడు మీసాలతో వచ్చి నిలబడితే, మొహం మారిందని పంపించేస్తారా? పుట్టుమచ్చ చూస్తారుగా! మీ ఫారంలోనే ఉంది, మీరే రాశారు. నాలుక చివర నల్లమచ్చ, తొడ మీద తెల్లమచ్చ!"

నిబంధనలెన్ని మారినా, పుట్టుమచ్చని కాదన్న ఆఫీసరు పెసలంకలో ఇంతవరకు పుట్టలేదు. కమిషనరు ఫారం తెప్పించుకుని చూశారు. "ఉంది," అన్నారు గంభీరంగా. "భౌతిక పరిశీలన జరపండి."

తొడ మీద మచ్చ దొరికింది. నాలుక దగ్గరే వచ్చింది చిక్కు. పొద్దస్తమానం నాలుక వేలాడేసుకుని తిరిగే బూరె ఆ పూట మూతి బిగించింది. పరాంకుశం గారు నోరు తెరిచి 'ఆ' అని చూపించారు. తలుపు దగ్గరున్న గంగరాజూ చూపించాడు. బూరె ఇద్దర్నీ వింతగా చూసింది. చివరికి కమిషనరు గారే కుర్చీ దిగొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, అద్దాలు పెట్టుకుని దాని మూతి దగ్గర మొహం పెట్టారు. బూరె ఆయన్ని గడ్డం దగ్గర మొదలుపెట్టి నుదుటి దాకా ఒక్క ఊపున నాకేసింది. ఆధారం ఆయనకి చాలా దగ్గర నుంచి కనిపించింది.

"మచ్చ ఉంది," అన్నారు అద్దాలు తుడుచుకుంటూ. "ఇది 214."

భ్రమరాంబ బూరెని వాటేసుకుంది. అయితే కమిషనరు మొహంలో వెలుగు లేదు. "ఇది 214 అయితే దీని నడవడి అత్యుత్తమం, జీవితకాలం చెల్లును. మన కళ్లముందు అది అత్యుత్తమంగా లేదు. అంటే ధ్రువపత్రం తప్పు. ధ్రువపత్రం తప్పయితే..." అని పరాంకుశం గారి వైపు తిరిగారు.

పరాంకుశం గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇరవై ఎనిమిదేళ్లు, ఒక్క మెమో లేదు. "సార్, నేను రాసిన రోజు అది నిజం సార్," అన్నారు.

భ్రమరాంబకి ఆయన మీద వారం రోజుల కసి ఉంది. కానీ ఆయన ఫైలుని గుండెలకి హత్తుకుని నిలబడితే ఉండబట్టలేకపోయింది. "ఆయన రాసింది నిజమేనండి. అప్పుడది అలాగే ఉండేది."

"ఎవరి తప్పూ కాదు సార్," అంది డాక్టర్ షహనాజ్. "ఆయన తప్పు కాదు, కుక్క తప్పు కాదు. వయసు అలాంటిది."

కమిషనరు నిటారుగా కూర్చున్నారు. మూడు రోజుల శిక్షణ ఆయనలో ఒక్కసారిగా మేల్కొంది. "అయితే దోషి వయసన్నమాట. వయసు మీదే చర్య తీసుకుందాం."

ఆ సాయంత్రమే ఉత్తర్వు టైపయింది. '214 నంబరు గల బూరె అను కుక్క సత్ప్రవర్తన నుండి వైదొలగుటకు దాని వయస్సే కారణమని నిర్ధారణ అయినందున, సదరు వయస్సును నాలుగు నెలల వద్ద నిలుపుదల చేయడమైనది. నడవడి ఐదు అంశములలోను తిరిగి సరిపోలిన దినమున వయస్సు పునఃప్రారంభించబడును. అప్పటివరకు ప్రతి నెల తనిఖీ జరుపవలెను.' షెడ్డు బండి ఖాళీగా వెళ్లిపోయింది.

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి సోమవారం పరాంకుశం గారు వచ్చేవారు. గుమ్మం బయటే గొడుగు పెట్టి, పిలిచి, అది రాలేదని రాసుకుని, మంచినీళ్లు తాగి వెళ్లేవారు. ఆరో సోమవారం మాత్రం మంచినీళ్లు తాగాక కూడా లేవలేదు. బూరె తలలేని బొమ్మకి ఆనుకుని నిద్రపోతోంది. ఆ గొడవ ఎప్పుడు తీరిందో ఎవరికీ తెలియదు, ఒక రోజు అదే వెళ్లి పడుకుంది.

"ఏమనుకోకపోతే ఒక మాటమ్మా," అన్నారాయన. "ఆ డాక్టరమ్మ అప్పుడు మీకేం చెప్పారు?"

"దేని గురించండీ?"

"అదే... పిలిస్తే పలక్కపోవడం గురించి. తలుపేసుకోవడం గురించి."

"తలుపా? బూరెకి తలుపెక్కడిదండీ?"

పరాంకుశం గారు గ్లాసు వైపు చూశారు. "మా అమ్మాయి తొమ్మిదిలోకొచ్చింది. నాతో మాట్లాడి నెలైంది. ఏం అడిగినా 'అబ్బా నాన్నా' అంటుంది. మొన్న అరిచాను. పెద్దగానే అరిచాను."

భ్రమరాంబ మిషను ఆపింది. డాక్టరు చెప్పిందంతా చెప్పింది, బిస్కెట్ పొట్లం సంగతి మాత్రం వదిలేసింది. ఆయన డైరీ తీసి, అలవాటు కొద్దీ పైన 'విషయము' అని రాసుకుని, ఒక్కో మాటా ఎక్కించుకున్నారు. మీరు మారకండి. ఒక్కసారే పిలవండి. వచ్చినప్పుడు తిట్టకండి. ఆఖరి మాట కింద రెండు గీతలు గీశారు.

లేచి, గుమ్మం దగ్గర ఆగి, తనిఖీ కాగితం తీశారు. "బూరే, రా," అన్నారు మెల్లిగా, అలవాటుగా.

బూరె కళ్లు తెరిచింది. ఒళ్లు విరుచుకుని, తీరుబడిగా నడుచుకుంటూ వచ్చింది. మొరగలేదు, ఎగరలేదు, కొరకలేదు. ఆయన ఏమీ అనకముందే ఎదురుగా కూర్చుని, గడ్డం ఆయన చెప్పు మీద పెట్టింది. ఐదుకి ఐదు.

పరాంకుశం గారు సందులోకి ఇటు చూశారు, అటు చూశారు. పెన్ను తీసి, ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో మొదటి అబద్ధం, గుండ్రటి అక్షరాలతో రాశారు. 'పిలిచితిని. రాలేదు.'

"అదేంటండీ! వచ్చింది కదా!"

"ఇవాళ వచ్చిందని రాస్తే వయసు మళ్లీ కదులుతుంది. రేపు రాకపోతే మళ్లీ గొడవ," అన్నారాయన, వంగి బూరె చెవి వెనక గోకుతూ. "డాక్టరమ్మ ఏడాదిన్నర దాకా అన్నారుగా. తొందరేముందమ్మా, ఉండనివ్వండి."